ఇంటున్నవానే

బడిపంతులు ఉద్యోగం గురించి రాయమని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశాను, పై హోదా ఎప్పుడు ఇచ్చారు అన్నవి వాళ్లకు కావాలి. అవన్నీ సర్కారు దగ్గర ఉంటాయి, అక్కడ వెతుక్కోండి. నేను రాసేది ఒక్క పాఠం గురించి. సిద్దిపేటలో నా మొదటి బడిలో, నిజాం కాలంలో, నలభైల నాటి మాట.

ఆ పాఠం నన్ను భయపెట్టింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, బాగా భయపెట్టింది. ఉద్యోగం దిగిపోయి ఇన్నేళ్లైనా, ఎండపూట ఏదో బడి పక్కనుంచి నడుస్తూ పిల్లలు గుంపుగా చదవడం వింటే నా కాళ్లు ఆగుతాయి. నడుమ ఎక్కడన్నా ఆపుతారేమోనని చూస్తాను. ఆపకపోతే ఊపిరి పీల్చుకొని నా దారిన పోతాను.

కొత్తగా పంతుళ్లైన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, పాఠం ఎట్లా చెప్పాలి సార్ అని అడుగుతారు. చెప్పడం సంగతి తర్వాత, ముందు మీకు వినడం వచ్చా అంటాను. ముసలాయనకు మతి తప్పిందనుకొని చాయ్ తాగి లేచిపోతారు. అనుకుంటే అనుకోనీ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కిరాయి ఇంటి బడి

మాది జగదేవ్‌పూర్ దగ్గరి పల్లె. అప్పటికి నాకు మీసం సరిగా మొలవలేదు. సిద్దిపేటలో మగ్గాల వాడకట్టున ఉన్న చిన్న బడికి నన్ను వేశారు. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కిరాయి ఇల్లు, నాలుగు గదులు, మా మాటలో అర్రలు, పెంకుల కప్పు. మూడో జమాతు, అంటే మూడో తరగతి, కూర్చునే అర్ర అన్నిటికన్నా వెనక ఉండేది. దానికి ఒకే ఒక కిటికీ, కట్టె చువ్వలతో. ఆ కిటికీ అవతల రామయ్య పంతులు ఇంటి పెరడు.

రామయ్య పంతులు నాకంటే ముందు ఆ మూడో జమాతుకు చెప్పినాయన. నేను చేరడానికి ముందు నెలలో, పాఠం చెబుతూ చెబుతూ, అదే అర్రలో, అదే కుర్చీలో పోయాడు. ఆ కుర్చీ మార్చలేదు. కుర్చీలు మార్చేంత స్తోమతు మా బడికి ఎక్కడిది. మొదటి రోజు దానిలో కూర్చోబుద్ధి కాక, నిలబడే చెప్పాను. రెండో రోజూ అంతే.

ఇక్కడ ఒక మాట తెలియాలి మీకు. ఊరంతా తెలుగు, పైచదువంతా ఉర్దూ. మగ్గం కింద పుట్టి పెరిగిన పిల్లవాడికి మూడో జమాతులో అడుగుపెట్టగానే ఉర్దూ పాఠం. ఒక్క ముక్క అర్థం కాదు. పంతులు అనిపిస్తాడు, పిల్లలు అంటారు. ఒక్క అక్షరం జారినా, ఒక్క అక్షరం ఎక్కువైనా బెత్తం. అట్లా పాఠం మొత్తం నోటికి వచ్చేదాకా అనిపించడమే చదువు. ఆ పద్ధతి గురించి నా అభిప్రాయం కింద చెప్తాను, అక్కడ కొంచెం కోపంగానే ఉంటుంది.

దగ్గు

చేరిన రెండు మూడు రోజులకు, పంతులు ఎక్కడిదాకా చెప్పాడో చూద్దామని, ఆఖరున చదివిన పాఠం చదవమన్నాను. నది గురించిన పాఠం అది. ముప్పై నలభై మంది ఒక్కసారే లేచారు. గొంతులు కలిపి ఎత్తుకున్నారు.

"దర్యా పహాడ్ సే నికల్తా హై..."

బాగా చదువుతున్నారే అనుకున్నాను. ఎక్కడా తడబాటు లేదు. నది కొండ దిగింది, రాళ్ల మీదుగా వచ్చింది, మైదానంలోకి దిగబోతూ ఉంది. అక్కడ ఆగిపోయారు, అందరూ ఒక్కసారే. అందరి తలలూ కొంచెం పక్కకు, కిటికీ వైపుకు వంగాయి. అందరూ దగ్గారు. పిల్లల దగ్గు కాదది. గుండెల్లోంచి తోడుకొచ్చే ఎండు దగ్గు, ముసలి మనిషి దగ్గు. తర్వాత గొంతు తగ్గించి, వింటున్నావా అని ఇంటి ఆడమనిషిని పిలిచినట్టు, అలసిపోయినట్టుగా అన్నారు.

"ఇంటున్నవానే... ఇన్ని నీళ్లియ్యి."

నా వీపు మీద చెమట చల్లబడింది. బెత్తంతో బల్ల మీద గట్టిగా కొట్టాను. ఆపేశారు. ఏందిరా అది, ఎవరు నేర్పారు అని అరిచాను. ఒకరి ముఖం ఒకరు చూసుకొని తలలు దించుకున్నారు. పిల్లలు పంతుల్ని వెక్కిరిస్తే నాకు తెలుస్తుంది, ఎవడో ఒకడు నవ్వు ఆపుకోలేక పళ్లు బయటపెడతాడు. ఆ రోజు ఒక్క పెదవి కూడా కదలలేదు.

మర్నాడు మళ్లీ చదివించాను. అక్కడే ఆగారు, తల వంచారు, దగ్గారు, పిలిచారు. నేను బల్ల మీద కొట్టాను. అట్లా రోజూ అదే తంతు నడిచింది.

ఇంతకన్నా నన్ను కుదిపింది ఐలయ్య సంగతి. వాళ్ల నాయిన దుబ్బాక నుంచి మగ్గం ఎత్తుకొని సిద్దిపేటకు వచ్చాడు. పిల్లవాడు నా తర్వాతే బడిలో చేరాడు. రామయ్య పంతుల్ని కన్ను తెరిచి చూసినవాడు కాదు. వారం తిరగకుండానే వాడూ తల వంచాడు. వాడి గొంతులోంచీ అదే దగ్గు వచ్చింది.

కిటికీలో చెంబు

తర్వాత చెంబు కనిపించింది. పొద్దున బడి తెరిచేసరికి కిటికీ గట్టు మీద, చువ్వల మధ్య, నిండా నీళ్లతో ఇత్తడి చెంబు. ఎవరు పెట్టారో చూడలేదు. పగటిపూట ఎండ తిరిగేసరికి నీళ్లు కొంచెం తగ్గేవి. పిట్టలు తాగాయని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క పిట్ట కూడా ఆ గట్టు మీద వాలడం లేదని నాకు కనబడుతూనే ఉంది. పిల్లలు మాత్రం ఆ చెంబు వైపు కన్నెత్తి చూసేవాళ్లు కారు. పొరపాటున చూపు పడ్డా పక్కకు తిప్పుకునేవాళ్లు.

బడి గోడలు దాటి ఈ మాట వాడకట్టులోకి పోయింది. నర్సయ్య అని ఒక నేతగాడు, మంచివాడు, ఆ వాడకట్టున ఆయన మాట చెల్లేది. ఆయన కూతురు సత్తెమ్మ మా మూడో జమాతులో ఉన్న ఒకే ఒక ఆడపిల్ల. ఒకనాడు ఇంట్లో అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటూ పాఠం అనుకుంటోందట. నడుమ తల వంచి, దగ్గి, "ఇంటున్నవానే" అన్నదట. తల్లి చేతిలోని నూలు ఎక్కడిదక్కడ పడేసి వీధిలోకి పరుగెత్తింది.

మర్నాడు నర్సయ్య బిడ్డను తీసుకుపోవడానికి వచ్చాడు.

"సారూ, మీ మీద కోపమేం లేదు. పంతులు పానం గీడనే తిరుగుతుంది. నీళ్లు దొరకక పోయిండాయన. గీ పిల్లగాండ్ల నోట్లకెల్లి అడుగుతుండు. నా బిడ్డ నాకు దక్కాలె."

"దయ్యమేంది నర్సయ్యా, పిల్లలు నేర్చుకున్నది అంటున్నారు, అంతే కదా" అన్నాను.

"మరి గా ఐలయ్య ఏడ నేర్చిండు? ఆడు పంతుల్ని చూసిండా?"

సత్తెమ్మ పలక చంకలో పెట్టుకొని తండ్రి వెనక నడిచింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి కిటికీని చూసింది, నన్ను కాదు.

ఆమె వెనక ఒక్కొక్కరే జారుకున్నారు. సగం జమాతు ఖాళీ అయింది. జమాతు పూర్తిగా ఖాళీ అయితే ఏమవుతుందో మాకు తెలుసు. పైనుంచి హుకుం వస్తుంది, బడి ఎత్తేసి ఇంకో ఊరికి ఇస్తారు. మగపిల్లలైతే ఏదో విధంగా ఇంకో బడికి నడిచిపోతారు. సత్తెమ్మను అంతదూరం ఎవరు పంపుతారు. రాట్నం ముందు కూర్చుంటే ఇక అక్కడే ఆమె బతుకు.

ఆఖరుదాకా విన్నదెవరు

నేను చాలామంది పెద్ద ఉద్యోగుల కింద పనిచేశాను. ఎక్కువమంది బడికి వస్తే కుర్చీ అడుగుతారు, తర్వాత చాయ్ అడుగుతారు, వెళ్లేముందు పిల్లలతో ఏదన్నా గట్టిగా చదివించమంటారు. గట్టిగా చదివితే సంతోషం. ఇదే పాఠాన్ని రామయ్య పంతులు ఉన్నప్పుడు తనిఖీకి వచ్చినాయన విని, శభాష్ అని వెళ్లాడట. అట్లాంటివాళ్ల గురించి ఇంతకన్నా ఇంకు ఖర్చు చేయను.

మా బడి పెద్దను అందరం సదర్ సాబ్ అనేవాళ్లం. పొట్టిగా, తెల్ల గడ్డంతో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయనకు ఒక వింత అలవాటు ఉండేది. జమాతులోకి వచ్చి వెనక వరసలో పిల్లల మధ్య నేల మీద కూర్చొని పాఠం వినేవాడు. నాకు మొదట్లో చిరాకు, గూఢచారి పని అనుకునేవాణ్ని. ఆ మనిషి లేకపోతే నేను ఈ పాటికి ఏ కచేరీలోనో కాగితాలు కుట్టుకునేవాణ్ని.

నేను జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నడువు మాస్టర్, పంతులమ్మ దగ్గరికి పోదాం" అన్నాడు.

రామయ్య పంతులు భార్యను ఊరంతా పంతులమ్మ అనేవారు. భర్త పోయి ఏడాది తిరగనిది, గడప దాటి రాదు. తలుపు చాటునుంచే మాట్లాడింది. మేము బయట అరుగు మీద కూర్చున్నాం. లోపల చీకటిగా ఉంది, మనిషి కనిపించలేదు, గొంతు మాత్రమే వినిపించింది. చెంబు పెట్టేది తనేనని అడగకముందే చెప్పింది.

"ఆయన బడిల ఎవ్వరి చేతి నీళ్లు ముట్టరు. మడి. దప్పికైతే కిటికీ దిక్కు తిరిగి పిలుస్తరు. నా పేరు పెట్టి ఏనాడు పిలువలె. 'ఇంటున్నవానే' అంటరు, గంతే. నేను చెంబు అందిస్త."

తర్వాత గొంతు సన్నబడింది.

"ఆ పొద్దు మాకు మాటొచ్చింది. దగ్గు ఎక్కువైంది, దవాఖానకు పోదాం పాండ్రి అన్న. పాఠం నడుమల ఉంది, అయినంక పోదాం అన్నరు. నాకు కోపమొచ్చి, పోయి ఆ బడిల్నే ఉండుండ్రి అన్న. పగటిపూట పిలిచిండ్రు. ఇన్న. ఇని కూసున్న. ఇంకోసారి పిలుస్తరు గద, అప్పుడు లేద్దామనుకున్న. పిలువలె."

మేమిద్దరం తలలు దించుకున్నాం.

"నోరెండి పోయిండు. నేను చంపిన. ఇప్పుడు దినాం పిలుస్తున్నరు. పిల్లల నోట్లకెల్లి పిలుస్తున్నరు. చెంబు పెడుతున్న, మళ్ల పిలుస్తున్నరు. ఎన్ని నీళ్లు పెడితె ఆయన దప్పిక తీరుతది సాబ్?"

అప్పుడు సదర్ సాబ్ నేను ఊహించని మాట అడిగాడు. "అమ్మా, పిలిచినంక పిల్లలు ఏమంటరో ఇన్నవా?"

"ఇనలేను. చెవులు మూసుకుంట."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు మాస్టర్?"

"బల్ల మీద కొడతాను సాబ్. ఆపేస్తారు."

"నర్సయ్య ఇంట్ల?"

"వాళ్లావిడ వీధిలోకి పరుగెత్తింది."

సదర్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "అంటే గీ పాఠం ఆఖరుదాక ఇన్న మనిషి ఊళ్లె ఒక్కడు లేడు."

జుమ్మెరాత్

అప్పట్లో శుక్రవారం సెలవు. గురువారం, మా ఊరి మాటలో జుమ్మెరాత్, పగటిదాకే బడి. ఆ జుమ్మెరాత్ పగటిపూటకు తల్లిదండ్రులందరినీ పిలవాలని సదర్ సాబ్ నిర్ణయించాడు. తనే మగ్గం ఇళ్లన్నీ తిరిగాడు. నేతగాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతల అంచున కూర్చొని ఒక్కొక్కరితో ఒకే మాట చెప్పాడు.

"మీ పిల్లల పాఠం మీరొచ్చి ఇనుండ్రి. నడుమల ఎవ్వరు లేవద్దు, ఎవ్వరు ఆపద్దు. ఇన్నంక గూడ పిల్లల్ని పంపం అంటె, బడికి నేనే తాళమేస్త."

అట్లా పిలిచిన బడి అప్పటికి నేను చూడలేదు. పంతుళ్లు పిల్లల తండ్రుల్ని పిలిచేది పిల్లవాడి మీద చాడీలు చెప్పడానికే. విని పొమ్మని ఎవరు పిలుస్తారు. ఆ వింత చూద్దామనే సగం మంది వచ్చారు. మిగతా మూడు జమాతుల పంతుళ్లు కూడా వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డారు. నర్సయ్య సత్తెమ్మను చెయ్యి వదలకుండా పట్టుకొచ్చాడు. కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. కిటికీ అవతల తెల్లచీర అంచు ఒకటి కదలకుండా ఉంది.

పిల్లలు లేచారు. ఎండ మండుతోంది, పెంకుల మీద నుంచి వేడి దిగుతోంది. నది కొండలోంచి బయలుదేరింది. రాళ్లు దాటింది. ఆగిపోయింది. తలలు కిటికీ వైపు వంగాయి. దగ్గారు.

"ఇంటున్నవానే... ఇన్ని నీళ్లియ్యి."

వెనక ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సయ్య లేవబోయాడు. సదర్ సాబ్ నేల మీద కూర్చున్నచోటినుంచే చెయ్యెత్తి ఆపాడు. నా చెయ్యి బెత్తం మీదికి పోయింది, బలవంతంగా వెనక్కి తీసుకున్నాను.

పిల్లలు మౌనంగా ఉన్నారు. పిలిచి, ఎదురుచూసి, మళ్లీ ఎదురుచూసినంతసేపు. తర్వాత ఆ నిశ్శబ్దంలో గుటక వినిపించింది. ఒకటి, ఆగి ఇంకొకటి. నీళ్లు గొంతు దిగుతున్న చప్పుడు. నేను వాళ్ల ఎదురుగా నిలబడి ఉన్నాను. వాళ్ల గొంతుల్నే చూస్తున్నాను. ఒక్కటీ కదలడం నేను చూడలేదు. ఈ మాట ఎంతమంది నమ్ముతారో నాకు తెలియదు, చూసింది రాస్తున్నాను.

ఆపైన అందరూ పొడుగ్గా ఊపిరి వదిలారు. దప్పిక తీరిన మనిషి వదిలే ఊపిరి.

"సల్లగుండు బిడ్డ. ఎవ్వరికి చెప్పకు."

మరుక్షణం మామూలు పిల్లల గొంతులతో నదిని మైదానంలోకి దింపి, పాఠం ముగించి కూర్చున్నారు.

సదర్ సాబ్ మెల్లగా అడిగాడు. "ఎవరు బిడ్డ అది? నీళ్లిచ్చిందెవరు?"

పిల్లలు ఎప్పటిలాగే తలలు దించారు. వాళ్లు ఇన్నాళ్లూ భయంతో మౌనంగా ఉన్నారనుకున్నాను నేను. వాళ్లు ఒక మాట నిలబెట్టుకుంటున్నారు. తండ్రి చేతిలోంచి చెయ్యి విడిపించుకొని సత్తెమ్మ లేచింది.

"నేనే."

నర్సయ్య బిడ్డ వైపు తిరిగాడు. "ఏందే, పంతులుకు నువ్వు నీళ్లిచ్చినవా? మన నీళ్లు ఆయన తాగుడేంది?"

"పిలిస్తె అవ్వ రాలే బాపు. పంతులు పెదవులు ఎండినయి. బడిల మా పిల్లల కుండల ముంచుకొచ్చి దోసిట్ల పోసిన. తాగిండు. మొత్తం తాగిండు. సల్లగుండు అన్నడు. ఎవ్వరికి చెప్పకు అన్నడు. మల్ల పాఠం ఆఖరుదాక చెప్పిండు. అయినంక కుర్సీల కండ్లు మూసుకున్నడు. నిద్రపోయిండనుకున్నం."

కిటికీ చువ్వల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

"బిడ్డా, ఇటు రా."

సత్తెమ్మ వెళ్లింది. పంతులమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. మడి కట్టుకునే ఇంటి మనిషి, నేతగాని బిడ్డ చేతులు, అంతమంది ముందు. "తాగిండా? నీ చేతులతోటేనా? మొత్తం తాగిండా?" అని అడిగిందే అడిగింది. పిల్ల ప్రతిసారీ తాగిండు అవ్వా, తాగిండు అంది. అప్పుడు పంతులమ్మ ఏడ్చింది. భర్త పోయిననాటినుంచి ఆమె ఏడవలేదని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. మాలో కూడా ఎవరి కళ్లూ పొడిగా లేవు.

అప్పజెప్పుడు

ఆ రోజు ఇళ్లకు పోయేముందు సదర్ సాబ్ సత్తెమ్మను ఇంకో మాట అడిగాడు. పాఠంలో ఆ మాటలు ఎందుకు చదువుతున్నారని. ఆ పిల్ల జవాబు నా ఉద్యోగమంతా నా వెంట వచ్చింది.

"పంతులు ఆఖరుకు ఎట్ల చెప్పిండో అట్లనే చెప్పాలె గద సాబ్. గా పాఠంల మాకు సమజైన మాట గదొక్కటే. గదే ఇడిస్తె ఇంకేముంటది?"

దర్యా అంటే ఏమిటని నేను అడిగాను. ఒకడు లేచి, కొండమీద నౌకరీ చేసే జమేదారు అన్నాడు. కొండమీద నుంచి దిగి ఊళ్లోకి వస్తున్నాడట. జమాతంతా అదే అనుకుంటోంది. ఐలయ్య సంగతీ అప్పుడే తెలిసింది. వాడికి ఉర్దూ ఎంతో దగ్గూ అంతే. పక్కవాడు ఏది చేస్తే అది పాఠం.

మన భాషలో అప్పజెప్పడం అనే మాట ఉంది. ఒకరి వస్తువు వాళ్లకు తిరిగి ఇచ్చేయడానికీ అదే మాట, పాఠం చూడకుండా చెప్పడానికీ అదే మాట. పిల్లలు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. పంతులు ఇచ్చింది దగ్గుతో సహా పంతులుకు తిరిగి ఇచ్చేస్తున్నారు. వాళ్ల దగ్గర ఏమీ మిగలడం లేదు. దాన్ని చదువని మేము జీతాలు తీసుకున్నాం, తనిఖీకి వచ్చినవాళ్లు శభాష్ అన్నారు.

ఆ తర్వాత ప్రతి జుమ్మెరాత్ కూర్చున్నాం. పంతుళ్లం ఒకరి జమాతులో ఒకరం వెనక కూర్చొని వినడం మొదలుపెట్టాం. మొదట్లో ఒకరి మీద ఒకరికి ఒళ్లు మండేది. రెండో జమాతు మాస్టరు ఎక్కాలు చెప్పేటప్పుడు ముక్కు గీరుకుంటాడని నేను చెబితే ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన పిల్లలు పన్నెండో ఎక్కం నడుమ అందరూ ముక్కు గీరుకోవడం చూపించాక నవ్వేశాడు. మరి నీ పిల్లలు మాట మాటకు చెవి ఎందుకు పట్టుకుంటున్నారో చూసుకో అన్నాడు. చూసుకున్నాను. చెవి పట్టుకునేది నేనే.

పాఠం ముందు తెలుగులో కథగా చెప్పి, తర్వాతే ఉర్దూ మాటలు అనిపించాలని అనుకున్నాం. పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకుపోయి నీళ్లలో నిలబెట్టి ఇదే దర్యా అని చెప్పాం. తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. ఇంట్లో పిల్లల్ని అప్పజెప్పమని అడగొద్దు, ఇయ్యాల ఏం సమజైందో చెప్పమనాలి. నర్సయ్య మగ్గం మీద కూర్చొని బిడ్డను రోజూ అడిగేవాడు. ఆమె చెప్పింది అర్థం కాకపోతే మర్నాడు పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "సారూ, గిది నాకు సమజు కాలే, దానికైందో లేదో చూడుండ్రి" అనేవాడు. ఆ మాటకు జంకినంతగా నేను ఏ తనిఖీకీ జంకలేదు.

జమాతు మళ్లీ నిండింది. బడి ఎత్తేయలేదు.

కొత్త పంతుళ్లకు చెప్పేది ఒకటే. పిల్లవాడు తప్పు చదివితే అక్కడే బల్ల మీద కొట్టకండి. ఆఖరుదాకా చదవనివ్వండి. మీరు ఆపిన చోటు తర్వాత ఏముందో మీకు తెలియదు. ఒక్కరే వినలేకపోతే పక్కనున్న పంతుల్ని పిలవండి, పిల్ల తండ్రిని పిలవండి.

ఆఖరుసారి

వానాకాలం వచ్చేసరికి పిల్లలకు పాఠం మాటమాటకూ అర్థమైంది. ఇక నడుమ దగ్గు, పిలుపు తీసేసి శుభ్రంగా చదివించాలి. మరుసటి పాఠానికి పోవాలి. ఆ మాట పంతులమ్మకు చెప్పకుండా చేయడానికి నాకు మనసొప్పలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"మంచిదే సారూ. పిల్లలు ముందలికి పోవాలె. ఒక్కసారి, ఆఖరుసారి, ఆయన చెప్పిన తీరుగనే చదివియ్యరాదుండ్రి. నేను ఆఖరుదాక ఇంట."

సదర్ సాబ్‌ను అడిగాను. ఆయన వచ్చి వెనక వరసలో నేల మీద కూర్చున్నాడు.

పిల్లలు లేచారు. ఈసారి దర్యా అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. కొండ తెలుసు, రాయి తెలుసు. గొంతుల్లో ఆ తేడా నాకు వినిపించింది. నది రాళ్లు దాటి వచ్చి ఆగింది. తలలు కిటికీ వైపు వంగాయి. అదే దగ్గు వచ్చింది. అర్రలో మళ్లీ ఆ మొదటి రోజు చల్లదనం నన్ను తాకింది. నా పక్కన ఉన్న ఖాళీ కుర్చీని నేను చూడలేదు, చూడదలచలేదు.

"ఇంటున్నవానే... ఇన్ని నీళ్లియ్యి."

కిటికీ అవతలనుంచి జవాబు వచ్చింది.

"ఆఁ, ఇంటున్న."

చువ్వల మధ్యనుంచి చెంబు లోపలికి వచ్చింది. ఎవరు అందుకోవాలో ఎవరికీ తోచలేదు. సత్తెమ్మ వరసలోంచి బయటికి వచ్చి, కిటికీ కింద నిలబడి దోసిలి పట్టింది. పంతులమ్మ నీళ్లు పోసింది. ఆ పిల్ల తాగింది. ఇంకా పట్టింది, ఇంకా పోసింది. జమాతంతా ఎప్పుడూ ఆగేంతసేపూ ఆగి, పొడుగ్గా ఊపిరి వదిలింది.

"సల్లగుండు బిడ్డ."

అంతవరకే అన్నారు. ఎవ్వరికి చెప్పకు అన్న మాట దగ్గర ముప్పై నలభై నోళ్లూ ఒక్కసారే దాన్ని వదిలేసి, నదిని మైదానంలోకి దింపుకొని వెళ్లిపోయాయి. ఆ మాట వదిలేయమని వాళ్లకు నేను చెప్పలేదు. సదర్ సాబ్ కూడా చెప్పలేదు.